నుయ్యి దాటితే రంగం

మా పక్కింటివాళ్ళు నాలుగేళ్ళ పిల్లకి స్పానిష్ నేర్పిస్తున్నారు. ఎందుకమ్మా అని అడిగితే, "చిన్నప్పుడైతే తొందరగా పట్టేస్తారండి మామ్మగారూ" అంది ఆ పిల్ల తల్లి. బొమ్మల అట్టలు, పాటలు, గెంతులు, అన్నీ ఉన్నాయి. నేను వాకిట్లో కుర్చీ వేసుకుని వింటూ ఉంటాను. పట్టేస్తారు, కాదనను. ఎంత తొందరగా పట్టేస్తారో అంత తొందరగా వదిలేస్తారు కూడాను. ఆ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పినట్టు లేదు. నేనూ చెప్పలేదు. చెబితే ఓ పూట పడుతుంది, ఆవిడకి అంత తీరిక ఎక్కడిది?

యుద్ధం రోజుల మాట. నేను కొత్తపేట దాటాక పలివెల వెళ్ళే దారిలో ఒక ఊరికి కోడలిగా వచ్చి నాలుగైదేళ్ళు అయివుంటుంది. ఇంట్లో మా అత్తగారు, మా ఆయన, నేను, మూడేళ్ళ మా అబ్బాయి. మా మరిది రంగంలో ఉండేవాడు. రంగం అంటే రంగూన్. మా వైపు ఎవరూ రంగూన్ అనేవారు కారు. "ఆయన రంగం ఎళ్ళేడండి" అంటే బర్మాలో ఏదో పని చేసుకుంటున్నాడని అందరికీ తెలిసిపోయేది. మా మరిది అక్కడ ఒక బియ్యం మిల్లులో గుమాస్తా. అక్కడే ఒక బర్మా అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. ఆ కబురు చేరిన రోజు మా అత్తగారు పొయ్యి వెలిగించలేదట. నేను కాపురానికి వచ్చేసరికి కోపం చల్లారింది గానీ ఆ కోడలి మాట మాత్రం ఇంట్లో ఎత్తకూడదు. తప్పనిసరై ఎత్తాల్సివస్తే "ఆ మనిషి" అనేవారు ఆవిడ.

రంగం మీద బాంబులు పడుతున్నాయని విన్నాక ఇంక మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. ఒకరోజు మా మరిది కాలవ రేవులో పడవ దిగి, ఐదేళ్ళ కూతుర్ని భుజాన వేసుకుని వచ్చాడు. మనిషి సగమయ్యాడు. భార్య రాలేదు. వాళ్ళ అమ్మ మంచాన పడి ఉందట, వదిలి రాలేక, "మీరు ముందు వెళ్ళండి, నేను వెనకాల వస్తాను" అందట. వీళ్ళు వచ్చాక వెనకాల ఓడలే లేకుండా పోయాయి. కలకత్తాలో అయితే రంగం కబుర్లు తెలుస్తాయి, అక్కడే ఏదో పని చూసుకుంటానని మరిది నాలుగు రోజులు కూడా ఉండకుండా వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు నాతో, "వదినగారండీ, పిల్లకి తెలుగు రాదండి. ఇంట్లో ఎప్పుడూ వాళ్ళమ్మ భాషేనండి మాకు. వాళ్ళమ్మకీ మన మాట బొత్తిగా రాదు" అన్నాడు. "ఆయ్, నేను చూసుకుంటాను కదా, ఎళ్ళిరండి" అన్నాను. అనడానికేం, అనేశాను.

పిల్ల మర్నాటి నుంచి ధాన్యం గాదె వెనకాల చేరింది. ఊళ్ళో ఆడవాళ్ళందరూ చూడ్డానికి వచ్చారు. తెలుగు రాదని చెబితే, చెవుడని చెప్పినట్టు ఒక్కొక్కరూ గొంతు పెంచారు. "అన్నం! తిన్నావా! అమ్మా!" అని ఒకావిడ గాదె వెనక్కి తల పెట్టి అరిచింది. పిల్ల బిక్కచచ్చిపోయి "మతీబూ, మతీబూ" అనేది. ఎవరు ఏమడిగినా అదే మాట. చెవిటివాడి ముందు శంఖం ఊదడం అంటే ఏమిటో ఆ వారం మా ఇంట్లో చూశాను. చివరికి నాకు ఒళ్ళు మండి, "మీ ఇళ్ళల్లో పిల్లలు లేరేటండీ, మా పిల్ల మీదే పడ్డారు?" అని అందర్నీ బయటికి సాగనంపాను. ఆ మాటకి ఒకరిద్దరు నాతో సంక్రాంతి దాకా మాట్లాడలేదు. మానేస్తే మానేశారు.

నా పాఠాలేం అంతకంటే బాగా లేవు. వంటింట్లో సామానంతా వరసగా పేర్చి, ఇది చెంబు, ఇది గరిటె, ఇది అట్లకాడ అని మొదలుపెట్టాను. పిల్ల నా చేతుల కేసి చూసేది, నోరు మాత్రం విప్పేది కాదు. "అన్నప్రాసన రోజే ఆవకాయ పెడుతున్నావేమే? ముందు దాన్ని కాస్త ఊపిరి పీల్చుకోనీ" అని అత్తగారు కేకలేశారు. నేను వినే రకం కాదు. ఇల్లూ వాకిలీ, చెట్టూ చేమా అన్నీ చూపించి పేర్లు చెప్పాను. నా గొంతు పోయింది గానీ పిల్ల గొంతు పెగల్లేదు.

ఓ మధ్యాహ్నం పెరట్లో అప్పడాలు ఎండబెట్టి కాపలా కూర్చున్నాం, నేనూ, మా అబ్బాయీ, ఆ పిల్లా. కాకి వచ్చి గోడ మీద వాలింది. నాకేమో నిద్ర ముంచుకొస్తోంది, ఈ పాఠాలతో విసిగిపోయి కూడా ఉన్నాను. "అదిగో, గేదె వచ్చింది" అన్నాను. మా అబ్బాయి కిలకిలా నవ్వాడు. "గేదె ఎగిరిపోతోందర్రోయ్" అన్నాను. వాడు చాప మీద పడి దొర్లాడు. పిల్ల నా కేసి చూసింది, గోడ కేసి చూసింది. ఇంత పెద్దదానికి ఇదీ తెలీదా పాపం అని దాని మొహంలో జాలి. "కాకి!" అంది. "కాదు, గేదె" అన్నాను. "కాకి! కాకి!" అని కాలు నేలకేసి తన్నింది. నాకు నిద్ర ఎగిరిపోయింది. దాన్ని ఎత్తుకుని ముద్దులు పెట్టుకుంటూ ఉంటే కాకి ఒక అప్పడం పట్టుకుపోయింది.

ఇంక ఆ రోజు నుంచి నేను ఏదీ సరిగ్గా అనలేదు. చెంబుని చేట అన్నాను, పాలని మజ్జిగ అన్నాను, మా ఆయన్ని మా అబ్బాయి పేరు పెట్టి పిలిచాను. పిల్లలు మనం నేర్పితే నేర్చుకోరు గానీ మనకి నేర్పాలంటే మాత్రం ప్రాణం పెట్టేస్తారు. ఇది రాత్రి పడుకునేదాకా నన్ను దిద్దుతూనే ఉండేది. తరవాత గంప ఆట కనిపెట్టాం. గంప కింద ఏదో ఒకటి దాచి, చెయ్యి లోపలికి పోనిచ్చి తడిమి, అదేమిటో చెప్పాలి. ఓసారి మా అబ్బాయి పిల్లిని దాచాడు. ఆ పూట పిల్లకి "అయ్యబాబోయ్" వచ్చేసింది, ఎవరూ నేర్పకుండానే. కొబ్బరి చిప్పల్లో ఇసక అన్నం వండి వడ్డించే ఆటలో "ఇంకొంచెం ఎయ్యమంటారా?" "చాలండి, చాలండి" అన్నీ వచ్చాయి. మా అబ్బాయికి మూడేళ్ళే కదా, వాడి తెలుగూ అంతంతమాత్రమే. ఇద్దరూ కలిసి నేర్చుకున్నారు, కలిసే తప్పులు మాట్లాడారు.

ఏడాది తిరిగేసరికి పిల్ల మాట చూడాలి! "ఏటండి పెద్దమ్మా, ఇయ్యాల చారేనా?" అనేది. పిలిస్తే "ఆయ్, వత్తన్నానండి" అని పలికేది. మా అబ్బాయిని "నీ అసాధ్యం కూలా, మళ్ళీ బురదలో దిగేవురా" అని తిట్టేది, అచ్చం అత్తగారి గొంతుతో. ఊళ్ళోవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. నాకు తల కొంచెం తిరిగిందనే చెప్పాలి. వచ్చినవాళ్ళందరి ముందూ దాన్ని నిలబెట్టి మాట్లాడించేదాన్ని.

అప్పుడు కలకత్తా నుంచి పక్క ఊరి మనిషి ఒకతను వచ్చి మా మరిది చెప్పమన్న కబురు చెప్పాడు. భార్య బతికే ఉంది. రంగం నుంచి నడిచి వచ్చినవాళ్ళెవరో చూశారట. యుద్ధం ఆగి ఓడలు నడవగానే తీసుకొస్తాడట. ఆ మాట వినగానే నేను పరిగెత్తుకుంటూ పెరట్లోకి వెళ్ళాను. "ఏమే, మీ అమ్మ వస్తుందిటే!" అన్నాను. పిల్ల గెంతులేసింది. "వస్తే ఏమంటావే?" అన్నాను. "రా అమ్మా, కాళ్ళు కడుక్కో అంటాను" అంది.

"మీ అమ్మకి తెలుగు రాదు కదే. మీ రంగం మాటల్లో చెప్పు."

పిల్ల నోరు తెరిచింది. మళ్ళీ మూసింది. చేతిలో కొబ్బరి చిప్పని అటూ ఇటూ తిప్పింది.

"పోనీ, నీళ్ళని ఏమంటారు?" అన్నాను. ఆలోచించింది. "నీళ్ళనే అంటారండి" అంది.

వాళ్ళమ్మ ఎన్ని పాట్లు పడో ఇంత దూరం వస్తుంది. వచ్చి కూతుర్ని పిలుస్తుంది. ఇది నిలబడి "ఏటండి?" అంటుంది. తల్లీ కూతుళ్ళ మధ్య నేను దుబాసీలా నిలబడదామన్నా నాకు ఒక్క ముక్క రాదే! ఏ మాటలు నేర్పానని ఊరంతా చెప్పుకున్నానో ఆ మాటలే ఇప్పుడు ఆ తల్లికి అడ్డం నిలబడ్డాయి. అరుగు మీద కూలబడిపోయాను. పక్కనే అత్తగారు చీపుళ్ళ కోసం కొబ్బరాకుల ఈనెలు చీరుతున్నారు. తలెత్తకుండానే, "యే" అన్నారు.

"ఏటండీ?" అన్నాను.

"యే. నీళ్ళు. నీళ్ళని యే అంటారు." ఇంకో ఈనె చీరి, "అన్నాన్ని తమ్మీ అంటారు. రమ్మనడానికి లా. కూచోమంటే తైన్. తెలీదు అనడానికి మతీబూ. పాపం వచ్చిన కొత్తల్లో అందరితోనూ తెలీదు మొర్రో అనే మొత్తుకుంది అది" అన్నారు.

నేను నోరెళ్ళబెట్టాను. ఆవిడే చెప్పుకొచ్చారు. "దానికి నీళ్ళు పోసేటప్పుడు ఏదో ఒకటి వాగేది. నువ్వేమో నేర్పడంలోనే ఉన్నావు. మరి అది చెప్పేది వినేవాళ్ళు ఒక్కళ్ళైనా ఉండద్దంటే? అది ఏదంటే నేనూ అది అనేదాన్ని. నేనంటే నవ్వేది. అలా వచ్చేయి."

"మరి ఇన్నాళ్ళూ ఒక్క మాటైనా చెప్పలేదేటండీ?"

"చెప్తే, ఆ మనిషి భాష మీ అత్తగారు నేర్చుకుంటోందని ఊరంతా చాటింపేసేదానివి" అన్నారు. అది మాత్రం నిజమే. వేసేదాన్ని.

ఆ సాయంత్రమే పథకం వేశాం. మా పెరట్లో నడిమికి నుయ్యి ఉంది. నూతికి ఇవతల వంటిల్లు, తులసికోట. అవతల అరటి బోదెలు, గేదెల పాక, కొబ్బరితోట. నూతికి ఇవతలంతా కోనసీమ, నుయ్యి దాటితే రంగం. రంగంలో తెలుగు మాట్లాడకూడదు. మాట్లాడినవాళ్ళు ఒంటికాలి మీద పాక దాకా కుంటుకుంటూ వెళ్ళి రావాలి. తీర్పు చెప్పేది పిల్ల. ఆ పెత్తనం ఇచ్చేసరికి దాని మొహం వెలిగిపోయింది.

ఉన్న మాటలు గుప్పెడు. ఆ గుప్పెడుతోనే రోజూ సంసారం చేశాం. మాట లేనిచోట చేతులు తిప్పాం, మూతి తిప్పాం, గేదెని అనుకరించాం. అత్తగారు అంటూ ఉంటే పిల్లకి కొన్ని మాటలు చప్పున గుర్తొచ్చేవి, వాటి వెనకాలే ఇంకో రెండు వచ్చేవి. చేపని ఙా అంటారని ఒకరోజు దానంతటదే అరిచింది. పిల్లి పేరు చౌన్ అని ఒకరోజు. కొత్త మాట దొరికిన పూట ముగ్గురం పండగ చేసుకునేవాళ్ళం.

మొదటి వారంలోనే అత్తగారు దొరికిపోయారు. గేదె తోక మొహం మీద కొట్టేసరికి "ఓసి నీ దుంపతెగ!" అన్నారు. పిల్ల వేలు చూపించింది. ఆవిడ నా కేసి చూశారు, కోడలి ముందు కుంటడమా అని. నేను మొహం పక్కకి తిప్పుకున్నాను. చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, అరటి బోదెలు పట్టుకుంటూ, ఆ పెద్దావిడ పాక దాకా కుంటి వచ్చారు. నేను నవ్వు ఆపుకోలేక నుయ్యి ఇవతలికి పరిగెత్తి పగలబడి నవ్వాను. "నవ్వవే, నవ్వు. నీ పనీ అవుతుంది" అని ఆవిడ తెలుగులో అరిచారు. మళ్ళీ కుంటాల్సి వచ్చింది.

మా ఆయన గతి ఇంకా కనాకష్టం. ఆయనకి ఆ మాటలేవీ పట్టుబడలేదు. గేదెలకి కుడితి పెట్టడానికి నుయ్యి దాటాడంటే మౌనవ్రతమే. ఓరోజు కాల్లో ముల్లు గుచ్చుకుని "అబ్బా!" అన్నాడు. అబ్బా తెలుగు మాటా కాదా అని మామ్మా మనవరాలూ విచారణ జరిపారు. తెలుగేనని తేలింది. ముల్లు గుచ్చుకున్న కాలు ఎలాగూ ఎత్తే ఉంది కదా అని రెండో కాలు మీద కుంటించారు ఆ పెద్దమనిషిని.

మా రంగం భాషకి అత్తగారు ఇంకో మెరుగు పెట్టారు. "పెద్దవాళ్ళని పట్టుకుని లా అంటావుటే? తల్లితో అలాగేనా మాట్లాడ్డం? లా అండీ అనాలి" అని దిద్దారు. అంతే, లా అండీ, తైన్ అండీ, సా అండీ. సా అంటే తినడం. అండీ లేకుండా మాట్లాడితే నోరు చేదుగా ఉండేది మాకు. అవుననడానికి అక్కడ ఏమంటారో ఎవరికీ తెలీదు, ఆయ్ అనే సరిపెట్టాం. ఆయ్‌కి కుంటక్కర్లేదని పిల్ల ముందే తీర్పు ఇచ్చేసింది.

ఇలా రెండేళ్ళు బాగానే సాగింది. తరవాత ఒకరోజు పిల్ల నుయ్యి దగ్గర ఆగిపోయింది. అవతలికి రమ్మంటే రాదు. బడిలో పిల్లలెవరో "రంగం పిల్లా, రంగం పిల్లా" అని ఏడిపించి ఉంటారనుకున్నాను. "ఎవరే అన్నది? పేరు చెప్పు, వాళ్ళ ఇంటికెళ్ళి కడిగేస్తాను" అన్నాను. పిల్ల తల అడ్డంగా ఊపింది.

"నాకు ఆ మాటలు వద్దు" అంది.

"మరి మీ అమ్మ వస్తేనే?" అన్నారు అత్తగారు నుయ్యి అవతల నుంచి, తెలుగులోనే.

"రాదు. వస్తాది వస్తాది అని ఎప్పుట్నించో చెప్తన్నారు. ఎప్పుడొచ్చింది? రాదు" అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండును.

అత్తగారు ఆ రోజు కుంటలేదు, పిల్ల కుంటమనీ అనలేదు. ఆవిడ గేదె దగ్గరికి వెళ్ళిపోయారు. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలీదు. ఆ యుద్ధం మీద అనుకుంటాను. పిల్ల అన్నదాంట్లో తప్పేం ఉంది? కబురు లేక అప్పటికే చాలా నెలలైంది. మా మరిదే ఆశ వదులుకున్నాడేమోనని మా ఆయనా నేనూ అనుకుంటూనే ఉన్నాం.

అత్తగారు మాత్రం ఆట మానలేదు. రోజూ సాయంత్రం ఒక్కరే నుయ్యి దాటి వెళ్ళేవారు. గేదె ముందు గడ్డి వేసి "తమ్మీ సా అండీ" అనేవారు. కుడితి పెట్టి "యే అండీ" అనేవారు. కొబ్బరి చెట్టుకి కూడా ఏదో చెప్పేవారు. పిల్ల వంటింటి గుమ్మంలో కూర్చుని చూసేది. పిలవలేదు ఆవిడ, ఒక్కసారి కూడా దీని కేసి తిరగలేదు. నేను "పోవే, మామ్మ ఒక్కరే ఉన్నారు" అని నోటి దాకా తెచ్చుకుని మింగేసేదాన్ని. అలా చాలా సాయంత్రాలు గడిచాయి.

చివరికి ఓ రోజు పిల్లే లేచి నుయ్యి దాకా వెళ్ళింది. "గేదెకి అండీ ఏంటి మామ్మా?" అంది. అత్తగారు పలకలేదు. రంగంలో తెలుగుకి జవాబు లేదు మరి. పిల్ల నుయ్యి దాటింది. గడ్డి ఒక చేత్తో తీసి గేదె మూతి దగ్గర పెట్టి, "తమ్మీ సా!" అని గదమాయించింది. అత్తగారు దాన్ని దగ్గరికి తీసుకుని జుట్టు సవరించారు. చాలాసేపు సవరించారు. ఆ జడ అప్పటికే బాగానే ఉంది.

యుద్ధం అయిపోయింది. ఆ తరవాత కూడా బోలెడు రోజులు పట్టింది. ఒక ఉదయం పడవవాడు వచ్చి, "తవఁరి మరిదిగారు దిగేరండి. కూడా ఆడమనిషి ఉన్నారండి. బండి మాట్టాడుకుంటన్నారు" అని చెప్పి వెళ్ళాడు. ఇల్లంతా ఒక్కసారి గందరగోళమైపోయింది. అత్తగారు "నాకేం, వస్తే రానీ" అంటూనే వాకిలి రెండుసార్లు ఊడిపించారు. "ఆ మనిషి ఏం తింటుందో ఏమిటో, కారం తగ్గించి వండు" అన్నారు. మళ్ళీ వెనక్కి వచ్చి "మరీ చప్పగా వండకు" అన్నారు. పిల్లకి తొమ్మిదేళ్ళు వచ్చాయి అప్పటికి. ఐదేళ్ళప్పుడు నా నడుము దాకా ఉండేది, ఇప్పుడు భుజాల దాకా వచ్చింది. పరికిణీ కట్టి, రెండు జడలు వేశాను. "పెద్దమ్మా, నాకు ఏం గుర్తు రాటల్లేదు" అంది. "అన్నీ వస్తాయి, ఏం భయం లేదు" అన్నాను.

బండి ఆగింది. మరిది దిగి చెయ్యి అందిస్తే ఆవిడ దిగింది. సన్నగా, పుల్లలా ఉంది. చీర కట్టుకోవడం చేతకాక కుచ్చెళ్ళు గుప్పిట్లో పట్టుకుని ఉంది. మా అందరి కేసి గబగబా చూసింది. పిల్ల మీద ఆవిడ చూపు ఆగలేదు. ఈ మధ్యలో పుట్టి నా చంకలో ఉన్న మా రెండోదాని మీద ఆగింది. దానికి మూడేళ్ళు. ఒక్క క్షణం ఆవిడ ఆ చంటిదాని కేసి ఎంత ఆశగా చూసిందో! అంతలోకే లెక్క గుర్తొచ్చింది కాబోలు, మెల్లగా పిల్ల వైపు తిరిగింది. ఎవరో పరాయివాళ్ళ పిల్లని చూసినట్టే చూసింది. తరవాత ఒక్కసారిగా మాట్లాడ్డం మొదలుపెట్టింది. గడగడా, ఆగకుండా.

పిల్లకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అత్తగారికీ కాలేదు. అన్నేళ్ళు మేం పెరట్లో పడ్డ పాట్లు ఏ భాష కోసమో, ఆవిడ మాట్లాడేది ఏ భాషో అనిపించింది నాకు. పిల్ల తెల్లబోయి అత్తగారి వెనక్కి జరిగింది. ఆవిడ అది చూసి మాట ఆపేసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మరిది తల దించుకున్నాడు. అయిపోయింది, ఇంక ఈ తల్లికీ పిల్లకీ మాట లేదు అనుకున్నాను.

పిల్ల అత్తగారి మొహం కేసి చూసింది. ఆవిడ అందించలేదు. అప్పుడు పిల్ల చెంబుతో నీళ్ళు తీసుకుని మెట్టు దిగింది. మా ఇంటికి ఎవరొచ్చినా మేం ఏం చేస్తామో, ఏం అంటామో అదే చేసింది.

"లా అండీ" అంది. రండి అని.

"తైన్ అండీ." చెంబు రెండు చేతులతో చాచి, "యే... యే అండీ." ఇంక అండీ కూడా మర్చిపోయి, "అమే, తమ్మీ సా" అంది. అమ్మా, అన్నం తిను అని.

ఆవిడ ఉన్నపళంగా ఆ మట్టిలోనే కూలబడిపోయి గొల్లుమంది. చెంబు దొర్లి నీళ్ళన్నీ ఒలికిపోయాయి. అత్తగారు హడలిపోయారు. "ఏమైందిరా? తప్పు చెప్పేమా?" అన్నారు.

మరిది కళ్ళు తుడుచుకుంటున్నాడు. "అన్నాన్ని తమిన్ అంటారమ్మా. తమ్మీ అని ఇది ఒక్కర్తే అనేది, చిన్నప్పుడు నోరు తిరక్క. ఇది అనే మాటలన్నీ అలాగే ఉన్నాయి."

అత్తగారి మొహం మాడిపోయింది. "అయ్యో, నాకేం తెలుసురా? అది ఎలా అంటే అలా పట్టుకున్నాను. ఇన్నేళ్ళూ తప్పులే నేర్పేనన్నమాట."

"తప్పులు కాదమ్మా. ఓడెక్కిన రోజు ఇది ఎలా మాట్లాడేదో అలాగే మాట్లాడుతోంది."

కూతురు మొహం చూసి గుర్తుపట్టలేదు ఆ తల్లి. ఇంత ఎత్తున, రెండు జడలతో, పరికిణీ కట్టుకుని నిలబడ్డ పిల్ల తనదని ఆవిడ మనసుకి ఎక్కలేదు. రేవులో తను వదిలిన ఐదేళ్ళ పసిదాని నోరు మాత్రం చెక్కు చెదరకుండా ఆవిడకి దొరికింది. ఆవిడ కూర్చున్నచోటి నుంచే పిల్ల రెండు చేతులూ పట్టుకుని, ఏడుస్తూనే, ముద్దు ముద్దుగా, "తమ్మీ?" అంది.

"తమ్మీ" అంది పిల్ల.

"తమ్మీ సా?" అంది ఆవిడ.

పిల్ల చప్పున వెనక్కి తిరిగింది. "మామ్మా! మా అమ్మకి నా మాటలొచ్చు! ఆకలేత్తందంట, అన్నం పెట్టండి!" అని తెలుగులో ఊరంతా వినపడేలా అరిచింది. మా అత్తగారు కొంగుతో మొహం కప్పుకుని వంటింట్లోకి వెళ్ళి తనే విస్తరి వేశారు.